లాజిక్కు లేని చైనా సీరియలూ, లాజిక్కున్న మనమూ

మొత్తానికి నేను చైనా సీరియల్ చూస్తున్నానన్న సంగతి ఆఫీసులో బయటపడిపోయింది. క్యాంటీన్లో ఓ మూల కూర్చుని, చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని, ఒక్కణ్ణే నవ్వుకుంటుంటే వెనకనించి మావాడొకడు తొంగిచూశాడు. తెర నిండా కొప్పులు ముడుచుకున్న మగాళ్ళు, నేలని ఊడ్చే పట్టు అంగీలు.

"ఏంటన్నా ఇది, కుంగ్‌ఫూ సినిమానా?"

"కాదు, సీరియల్. టైమ్ ట్రావెల్."

"మరి టైమ్ మెషీనేదీ?"

"మెషీన్ లేదు."

అంతే! ఆ మధ్యాహ్నం భోజనాల దగ్గర నా అభిరుచికి కోడ్ రివ్యూ జరిగింది. ఐదుగురు రివ్యూయర్లు. ఒక్కడూ ఒక్క ఎపిసోడ్ కూడా చూడలేదు, అయినా కామెంట్లు మాత్రం ధారాళంగా వచ్చాయి (నిజం చెప్పాలంటే మా ప్రాజెక్టులో కోడ్ రివ్యూలు కూడా ఇలాగే జరుగుతాయి లెండి). మెషీన్ లేకుండా వేరే కాలంలోకి ఎలా పోతాడు? పసిపిల్లాడి బుర్రలో పెద్దవాడి జ్ఞాపకాలు ఎలా పడతాయి, స్టోరేజీ సరిపోతుందా? రాజుల కాలంలో స్నైపర్ తుపాకీ ఉంటే దానికి తూటాలెవడు చేస్తాడు? అసలిది కామెడీనా, సస్పెన్సా, చరిత్రా, ఏదో ఒకటి తేల్చుకోవాలి కదా? చివరికి ఏకగ్రీవంగా తీర్పిచ్చారు: "లాజిక్ లేదు బాసూ, టైమ్ వేస్ట్."

ఈ తీర్పిచ్చినవాళ్ళే, హీరో తొడ కొడితే రైలు వెనక్కి వెళ్ళిపోయే సీనుని ఇప్పటికీ ఒకళ్ళకొకళ్ళు పంపుకుని మురిసిపోయేవాళ్ళు. అది వేరే సంగతి.

అప్పటికి నవ్వేసి ఊరుకున్నాను. ఇంటికొచ్చాక మాత్రం నిద్రపట్టలేదు. సీరియల్ని తిట్టినందుక్కాదు, నాకేం చుట్టరికమా దాంతో! "లాజిక్" అన్న మాటని మనం దేనికి వాడుతున్నాం, దేనికి వాడటం లేదు అన్నది మెదడులో తిరుగుతూనే ఉంది. దానికి కారణం ఆ సీరియల్లోనే ఉంది. మెల్లిగా అక్కడికే వస్తాను, కాస్త ఓపిక పట్టండి.

సీరియల్ పేరు "చింగ్ యూ న్యెన్". ఇంగ్లీషులో "జాయ్ ఆఫ్ లైఫ్" అంటారు. మావ్ నీ అనే కలంపేరు గల రచయిత 2007 నుంచి 2009 దాకా ఇంటర్నెట్లో విడతలు విడతలుగా రాసిన నవల దీనికి మూలం. మొదటి సీజన్ 2019 నవంబరులో వచ్చింది, 46 ఎపిసోడ్లు. రెండోదానికోసం జనం నాలుగున్నరేళ్ళు కాచుక్కూచుంటే 2024 మేలో వచ్చింది, 36 ఎపిసోడ్లు. ఆ పిచ్చి ఎంతంటే, 2019 డిసెంబరులో ఐచీయీ, టెన్సెంట్ వాళ్ళు అప్పటికే డబ్బుకట్టిన వీఐపీ సభ్యుల్ని కూడా "ఇంకో 50 యువాన్లు కట్టు, ఆరు ఎపిసోడ్లు ముందుగా చూపిస్తాం" అన్నారు. ఒక లాయరుకి ఒళ్ళుమండి ఐచీయీ మీద కేసు వేశాడు. 2020 జూన్‌లో బీజింగ్ ఇంటర్నెట్ కోర్టు ఆయన పక్షానే తీర్పిచ్చింది. 2021 అక్టోబరులో రెండు కంపెనీలూ ఆ పద్ధతే ఎత్తేశాయి. మనందరం చదవకుండా "ఐ అగ్రీ" నొక్కే ఒప్పందాన్ని పూర్తిగా చదివిన మనిషి భూమ్మీద ఒకడున్నాడని దీనివల్ల తెలిసింది :)

ఇక కథ. (తెలిసిపోతే చూడలేనివాళ్ళు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు.)

ఫాన్ షియెన్ అనే కుర్రాడు చింగ్ అనే రాజ్యంలో, సముద్రం పక్కన దాన్‌జౌ అనే ఊళ్ళో నాయనమ్మ దగ్గర పెరుగుతుంటాడు. వాడి బుర్రలో మన కాలపు మనిషి జ్ఞాపకాలు ఉంటాయి. తల్లి యె చింగ్‌మే వాడు పుట్టినప్పుడే హత్యకి గురైంది. కళ్ళకి నల్లగుడ్డ కట్టుకుని తిరిగే వూ జూ అనే అంగరక్షకుడు పసివాణ్ణి కాపాడి ఈ ఊరు చేర్చాడు. పెద్దయ్యాక రాజధానినించి పిలుపొస్తుంది. వెళితే అక్కడ కుదిర్చిపెట్టిన పెళ్ళి, వస్తుందో రాదో తెలియని ఆస్తి, చంపడానికి కాచుకున్న మనుషులు, నవ్వుతూ మాట్లాడే రాకుమారులు. కుదిర్చిన పెళ్ళి తప్పించుకోవాలని నానా తంటాలూ పడుతుంటాడు, ఎందుకంటే గుడిలో కోడికాలు చేతబట్టుకుని దాక్కున్న ఓ పిల్లని చూసి మనసు పారేసుకున్నాడు. ఆ కోడికాలు పిల్లా, ఆ పెళ్ళికూతురూ ఒకరేనని మనకి తెలుసు, వాడికి తెలియదు. ఇంకోపక్క అమ్మని ఎవరు చంపారు, అమ్మ వదిలివెళ్ళిన పెట్టెలో ఏముంది, దాని తాళంచెవి ఎక్కడుంది అన్న ముడి నడుస్తూనే ఉంటుంది. పెట్టెలో ఉన్నది స్నైపర్ తుపాకీ, ఒక ఉత్తరం. అంటే అమ్మ కూడా వీడిలాగే మన కాలంనించి వచ్చిన మనిషే.

ఇప్పుడు "మెషీనేదీ" దగ్గరికొద్దాం.

ఇలా వేరే కాలంలోకి దాటిపోయే కథలకి చైనాలో "చ్వాన్‌యువే" అని పేరు. మెషీన్లున్న కథలూ వాళ్ళకి లేకపోలేదు. 2001లో హాంకాంగ్ టీవీబీ వాళ్ళు తీసిన "ఎ స్టెప్ ఇన్‌టు ది పాస్ట్"లో ఒక హాంకాంగ్ పోలీసుని చిన్ షీ హువాంగ్ పట్టాభిషేకం చూసిరమ్మని మెషీన్లో పెట్టి పంపుతారు. అది కాస్తా లెక్క తప్పి మూడేళ్ళు ముందే దించుతుంది. తీరా చూస్తే అసలు రాకుమారుడు ఎప్పుడో పోయాడు. చివరికి ఈ పోలీసుగారి శిష్యుడే ఆ పేరు తగిలించుకుని చక్రవర్తి అవుతాడు! ఎంత చక్కటి లూపో చూడండి. మన లంచ్ బ్యాచ్‌కి తెగ నచ్చాల్సిన కథ.

తర్వాత 2011లో "గోంగ్", "బూ బూ జింగ్ షిన్" అని రెండు సీరియళ్ళు విపరీతంగా ఆడాయి. రెండింట్లోనూ ఇప్పటి అమ్మాయి చింగ్ వంశపు కాంగ్‌షీ చక్రవర్తి కాలంలో పడుతుంది. (ఆ చింగ్ వేరు, మన కథలో చింగ్ వేరు. ఒకటి చరిత్ర, ఒకటి కల్పన.) వరసబెట్టి అందరూ అవే తీయడం మొదలెట్టేసరికి 2011 వసంతంలో అక్కడి రేడియో, సినిమా, టీవీ నియంత్రణ శాఖవారికి కోపమొచ్చింది. చరిత్రని తేలిక చేస్తున్నారు, మూఢనమ్మకాలు, పునర్జన్మలు చూపిస్తున్నారు అని బహిరంగంగానే తప్పుపట్టారు. 2015 డిసెంబరులో "గో ప్రిన్సెస్ గో" అని ఒక వెబ్ సీరియల్ వచ్చింది. అమ్మాయిల వెంటబడి తిరిగే మగాడొకడు కొలనులో పడి లేచేసరికి రాజుగారి కోడలి ఒంట్లో ఉంటాడు. చేతిలో చిల్లిగవ్వ లేకుండా తీసినట్టు కనబడుతూనే ఉంటుంది, అయినా జనం ఎగబడి చూశారు. 2016 జనవరిలో దాన్ని దించేశారు, తర్వాత కత్తిరించి మళ్ళీ పెట్టారు.

ఇదీ నేపథ్యం. అందుకే "చింగ్ యూ న్యెన్" తీసినవాళ్ళు ఏం చేశారంటే, నవల్లో కండరాల జబ్బుతో ఆసుపత్రి మంచం మీద చనిపోయి వేరే ప్రపంచంలో పసివాడిగా పుట్టే మనిషిని తీసేసి, మొదట్లోనే ఒక సాహిత్యం విద్యార్థిని పెట్టారు. అతగాడు తన వాదన ప్రొఫెసరుకి అర్థమయ్యేలా చెప్పడానికి ఒక కథ రాస్తాడు. మనం చూసేదంతా ఆ కథే. అంటే "ఎవరూ ఏ కాలమూ దాటలేదండీ, ఎవరో కుర్రాడు రాసుకున్న కథండీ" అన్నమాట. మీకిది కొత్తగా అనిపిస్తోందా? రిలీజ్ అప్రూవల్ కమిటీని దాటించడానికి కొత్త ఫీచర్‌ని "చిన్న కాన్ఫిగరేషన్ మార్పు" అని టికెట్లో రాసినవాళ్ళు చేతులెత్తండి. నేనైతే రెండు చేతులూ ఎత్తుతాను.

కాబట్టి మెషీనేదీ అని అడగాల్సింది రచయితని కాదు.

ఇది చెప్పగానే బల్ల అవతలనించి ఒకాయన, "చూశావా మరి, కట్టడి ఉంటేనే బుర్ర పనిచేస్తుంది, సెన్సార్ వల్లే క్రియేటివిటీ పెరిగింది" అన్నాడు. ఈ మాట నాకు ఒళ్ళుమంట. ఆ విద్యార్థీ ప్రొఫెసరూ ఉన్న సీన్లే మొత్తం సీరియల్లో పేలవమైన సీన్లు. చూసినవాళ్ళెవరినైనా అడగండి, ఫాన్ షియెన్ గుర్తుంటాడు, చక్రవర్తి గుర్తుంటాడు, ఆ విద్యార్థి పేరు ఒక్కడికీ గుర్తుండదు. కాలికి రాయి కట్టినా పరుగెత్తాడు అంటే అది పరుగెత్తినవాడి గొప్ప, రాయిది కాదు.

పైగా అసలు నవల్లో లాజిక్ లేదని ఎవరు చెప్పారు? అది గతం కాదు మహాప్రభో! మన నాగరికత అణుయుద్ధంతో తుడిచిపెట్టుకుపోయాక, మంచు కమ్మి, యుగాలు గడిచాక, మళ్ళీ మొదట్నించి మొలిచిన ప్రపంచం అది. ఫాన్ షియెన్ వెనక్కి వెళ్ళలేదు, ముందుకెళ్ళాడు. మనుషులు మళ్ళీ రాజులు, సింహాసనాలు, సాష్టాంగాల దాకానే వచ్చారు. సీరియల్లో కూడా మొదటి సీజన్ చివరికొచ్చేసరికి దీని జాడలు దొరుకుతాయి. ఒక గుహలో చావబోతున్న ముసలి గూఢచారి షావ్ ఎన్ చెప్పే మాటలనించి ఫాన్ షియెన్ ఇది అంచనా వేసుకునే ఘట్టం చూసి నాకు వెన్నులో చలి పుట్టింది. ఒక్క ఎపిసోడ్ చూడకుండా తీర్పిచ్చేవాళ్ళకి ఈ భాగ్యం ఎలా కలుగుతుంది?

కామెడీనా, సస్పెన్సా తేల్చుకోమన్న పెద్దమనిషికి ఒక్క మాట. 1991లో సింగీతం శ్రీనివాసరావు గారు "ఆదిత్య 369" తీశారు. అందులో కృష్ణదేవరాయలున్నాడు, తెనాలి రామకృష్ణుడున్నాడు, వజ్రం దొంగతనం ఉంది, భవిష్యత్తు ఉంది, పొట్టచెక్కలయ్యే హాస్యం ఉంది. చిన్నప్పుడు నువ్వు హాల్లో లేచి నిలబడి "ఇది కామెడీనా, చరిత్రా తేల్చండి" అన్నావా? ఇప్పుడే వచ్చింది ఈ తెలివి?

నిజంగా లాజిక్ మీద అంత ప్రేమ ఉంటే పట్టుకోవాల్సిన చోటు వేరే ఉంది. నేను చూపిస్తాను.

రాజధానికి వచ్చిన కొత్తలో ఒక కవితాగోష్ఠిలో ఫాన్ షియెన్ ఒక పద్యం రాసిపారేసి వెళ్ళిపోతాడు. దేశమంతా మారుమోగిపోతుంది. ఆ పద్యం థాంగ్ కాలపు మహాకవి దు ఫూ 767లో రాసింది. ఆ ప్రపంచంలో దు ఫూ ఎవరో ఎవరికీ తెలియదు కాబట్టి మనవాడు కవి అయిపోయాడు. పద్దెనిమిదో శతాబ్దపు మహానవల "రెడ్ ఛాంబర్ స్వప్నం"ని కూడా గుర్తున్నంత మేరకు రాసి, తమ్ముడు ఫాన్ సిజెతో కలిసి పుస్తకాల కొట్టు పెట్టి అమ్మేస్తాడు. తర్వాత రాజుగారి విందులో పొరుగు దేశపు మహాపండితుడు జ్వాంగ్ మోహాన్ లేచి, ఆ పద్యంలో చివరి నాలుగు పాదాలు మా గురువుగారివి, ఈ కుర్రాడు దొంగిలించాడు అంటాడు. దొంగసాక్ష్యం. వెనక రాజకుటుంబం కుట్ర ఉంది. దాంతో ఫాన్ షియెన్ పీకలదాకా తాగి, రాసుకునేవాళ్ళ చేతులు పడిపోయేలా పద్యం మీద పద్యం గుప్పిస్తాడు. థాంగ్ కవులు, సోంగ్ కవులు, వేయి సంవత్సరాల సాహిత్యం. పండితుడు రక్తం కక్కుకుంటాడు. మనం చప్పట్లు కొడతాం.

ఆగండాగండి. ఆరోపణ ఏంటి? దొంగిలించాడని. నిజమేంటి? దొంగిలించాడనే! సాక్ష్యం అబద్ధం, నేరం నిజం. ఒక పద్యం దొంగిలించావంటే, ఇంకా బోలెడు దొంగిలించి చూపించి నిర్దోషిగా బయటపడ్డాడు. స్టాక్ ఓవర్‌ఫ్లోలోంచి ముక్క ఎత్తుకొచ్చి, డెమోలో "నేనే రాశాను" అని చప్పట్లు కొట్టించుకున్న ప్రతివాడికీ ఈ సీను చూస్తుంటే కుర్చీలో ఇబ్బందిగా కదలాలనిపిస్తుంది. నాకు అనిపించింది మరి. ఇది రచయిత పొరపాటు కూడా కాదు. తర్వాత ఆ ముసలి పండితుడు తన అబద్ధానికి సిగ్గుపడి, ఆ పద్యాలకి వ్యాఖ్యానం రాయడానికి పూనుకుంటాడు. అప్పుడు ఫాన్ షియెన్ ఒప్పుకుంటాడు, అవి తనవి కావని, రాసినవాళ్ళు వేరే ఉన్నారని. అబద్ధమాడినవాడూ, అరువు తెచ్చుకున్నవాడూ ఎదురెదురుగా కూర్చుని నిజం మాట్లాడుకుంటారు. తుపాకీలో తూటాల లెక్కకంటే ఇది తక్కువ లాజిక్కా?

నవ్వు సంగతి. వాంగ్ చీన్యెన్ అని ఒక పాత్ర ఉంది. వెండి కనబడితే కళ్ళు మెరుస్తాయి, పెళ్ళాం పేరు చెబితే వణుకుతాడు, ఊరికి కొత్తగా వచ్చినవాడికి సిటీ మ్యాపు అమ్మి కథలోకి వస్తాడు. తమ్ముడు ఫాన్ సిజెకి లెక్కలు తప్ప లోకం పట్టదు. ఆ వేషం వేసిన గువో చీలిన్, అక్కడి సంప్రదాయ హాస్య సంభాషణ కళ షియాంగ్‌షెంగ్‌లో పేరున్న కుటుంబం పిల్లాడు, అందుకే ఆ టైమింగ్. చివరికి చక్రవర్తిని చూడండి. చెన్ దావ్‌మింగ్ వేశాడు. కిరీటం, సింహాసనం, గంభీరమైన గొంతు ఏమీ ఉండవు. వదులు అంగీ వేసుకుని, జుట్టు విరబోసుకుని, బాణాల మొనలు అరగదీసుకుంటూ ఇంట్లో రిటైరైన పెదనాన్నలా కనిపిస్తాడు. నవ్వొస్తుంది. ఆ నవ్వులోనే మెడ మీద కత్తి ఉందని మనకి ఆలస్యంగా తెలుస్తుంది.

ఇంత నవ్వించాక పన్నెండో ఎపిసోడ్ చుట్టుపక్కల ఒక పని చేస్తారు. నేను ఇదంతా రాస్తున్నది దానికోసమే.

తెంగ్ జీజింగ్ అని ఒక అంగరక్షకుడు. మొదట ఫాన్ షియెన్‌ని చంపడానికే దాన్‌జౌ వచ్చినవాడు, తప్పుడు ఉత్తర్వు నమ్మి. తర్వాత స్నేహితుడవుతాడు. పెళ్ళాం, చిన్నపిల్లాడు ఉన్నారు. ప్రమాదం వస్తే నేను ముందు పారిపోతాను, నన్ను నమ్ముకోకు అని ముందే చెప్పిపెడతాడు. సరే అంటాడు ఫాన్ షియెన్. ఆ తర్వాత న్యూలాన్ వీధిలో దాడి జరుగుతుంది. కొండంత మనిషి, చెంగ్ జూషూ అని, పొరుగు దేశపు యోధుడు. తెంగ్ జీజింగ్ పారిపోడు. చచ్చిపోతాడు. (మూల నవల్లో ఈ మనిషి బతుకుతాడు. సీరియల్‌కి రాసిన వాంగ్ జ్వాన్ కావాలని చంపాడు. చాలా పెద్ద మార్పు ఇది, నా ఉద్దేశ్యంలో సరైన మార్పు.)

ఆ తర్వాత జరిగేదే అసలు సీను. అందరూ ఫాన్ షియెన్‌ని ఓదారుస్తారు. నువ్వు బతికావు కదా అంటారు. దాడి వెనక ఎవరున్నారో, రెండు దేశాల మధ్య ఏమవుతుందో లెక్కలేస్తారు. వాళ్ళెవరూ దుర్మార్గులు కాదు, అదే భయం. మంచివాళ్ళే, ఆప్తులే. కానీ "తెంగ్ జీజింగ్ చచ్చిపోయాడు" అని వీడంటుంటే, వాళ్ళకి ఆ వాక్యం అర్థం కాదు. అంగరక్షకుడే కదా! చావడం వాడి ఉద్యోగంలో భాగమే కదా! ఊరు ఊరంతా ఒక లాజిక్ ప్రకారం నడుస్తోంది, ఆ లాజిక్‌లో ఎక్కడా తప్పు లేదు. ఒక్కడికి మాత్రం అది పిచ్చిగా కనబడుతోంది. ఎందుకంటే వాడొక్కడే బయటినించి వచ్చాడు. చివరికి ఆ చెంగ్ జూషూని తన చేత్తోనే, అందరూ చూస్తుండగా చంపేస్తాడు.

టైమ్ ట్రావెల్ ఎందుకయ్యా అంటే, ఇందుకు. చరిత్ర సీరియల్లో రాజుకి అందరూ సాగిలపడుతుంటే మనకేం అనిపించదు, అది ఆ కాలపు మర్యాద అనుకుని అలవాటుపడిపోతాం. మధ్యలో ఒకణ్ణి నిలబెట్టి "ఇదేంటిది?" అనిపించాలంటే వాడు వేరే కాలంనించి రావాలి. మెషీన్ ఉందా లేదా అన్నది ప్లంబింగ్. వచ్చి ఏం చూశాడన్నది కథ.

ఇప్పుడు నా సంగతి.

2009లో నేను వేరే కంపెనీలో పనిచేసేవాణ్ణి. పేరెందుకు. నైట్ షిఫ్టు. ఏడాది పాటు దాదాపు రోజూ ఒకే క్యాబ్, ఒకే డ్రైవరు. సాయంత్రం ఆరింటికి గుమ్మం ముందు హారన్ కొట్టేవాడు కాదు, పక్కింట్లో పసిపిల్ల ఉందని మిస్డ్ కాల్ ఇచ్చేవాడు. బండిలో పాత పాటలు చిన్న సౌండులో పెట్టేవాడు, వెనక ఎవరైనా పడుకుంటే అదీ ఆపేసేవాడు. నల్గొండ వైపు ఊరు. నన్ను సార్ అనేవాడు, నేను అన్నా అనేవాణ్ణి. ఒక తెల్లవారుజామున మమ్మల్ని దింపేసి, ఇంకో ట్రిప్పుకి ఖాళీ బండితో తిరిగి వెళ్తూ ఆగి ఉన్న లారీని గుద్దాడు. రెండు షిఫ్టులు వరసగా చేస్తున్నాడని తర్వాత మిగతా డ్రైవర్లు చెప్పారు.

మధ్యాహ్నానికి అందరికీ మెయిల్ వచ్చింది. నిన్న రాత్రి ఒక రవాణా సంఘటన జరిగింది, మన ఉద్యోగులెవరూ గాయపడలేదు, ఈ రోజు పికప్‌లు యథావిధిగా ఉంటాయి.

ఆ మెయిల్లో అబద్ధం లేదు. అతను ఉద్యోగి కాదు, వెండర్ మనిషి. వెండర్‌కి కూడా ఉద్యోగి కాదు, బండి ఓనర్ దగ్గర జీతగాడు. లాజిక్‌లో చిన్న బొక్క కూడా లేదు. నేను చదివాను. ఇన్‌బాక్స్‌లో తర్వాతి మెయిల్‌కి వెళ్ళాను. సాయంత్రం ఆరింటికి కొత్త క్యాబ్ వచ్చింది, ఎక్కాను. హారన్ కొట్టాడు, చిరాకుపడ్డాను కూడా.

పదేళ్ళు దాటాక, బెడ్‌రూములో లైటు ఆపేసి, ట్యాబ్‌లో ఇంగ్లీషు సబ్‌టైటిళ్ళు చదువుకుంటూ, వాడెవడో చైనావాడు ఒక అంగరక్షకుడికోసం ఊరంతటి మీదా అరుస్తుంటే నాకు ఆ మెయిల్ గుర్తొచ్చింది. ఎపిసోడ్ ఆపేశాను. అతని పేరు గుర్తుచేసుకోవడానికి ప్రయత్నించాను. బండి నంబరులో చివరి నాలుగంకెలు ఇప్పటికీ చెప్పగలను, రోజూ చూసేవాణ్ణి కదా. పేరు రాలేదు. "అన్నా" అంటే చాలుగా, పేరెందుకు తెలుసుకుంటాం. ఆ కంపెనీలో ఇంకా ఉన్న పాత స్నేహితుడొకడికి మెసేజ్ పెట్టాను. "ఏ డ్రైవర్? మన టైంలో యాక్సిడెంటా? గుర్తులేదురా, వెండర్ కూడా మారిపోయాడు" అని జవాబు.

పసిపిల్లాడి బుర్రలో ఎంత స్టోరేజీ అని అడిగారే, ఇదీ దానికి జవాబు. మన బుర్రలోనే లేదు.

ఇంతా చెప్పి, సీరియల్ని నెత్తిన పెట్టుకుంటున్నానని అనుకోకండి. దాన్లో నిజమైన బగ్గొకటుంది, లంచ్ బ్యాచ్ కళ్ళకి కనబడనిది. ఫాన్ షియెన్ అలా అరవగలిగాడు, ఎందుకు? వెనక వూ జూ ఉన్నాడు, ఎవరొచ్చినా నరికేస్తాడు. నిఘా సంస్థని నడిపే చెన్ పింగ్‌పింగ్ చక్రాల కుర్చీలో కూర్చుని కాపు కాస్తున్నాడు. పైగా వీడు సాక్షాత్తూ చక్రవర్తి కొడుకు, రహస్యంగా. న్యాయం అడిగే హక్కు కూడా వారసత్వంగానే వచ్చింది వీడికి. అందరూ సమానమే అన్న మాట చెప్పడానికి రాజు కొడుకు కావాల్సి వచ్చింది! అవేమీ లేని మనిషి అదే మాట అంటే ఏమవుతుందో కూడా వాళ్ళే చూపించారు. రెండో సీజన్లో లాయ్ మింగ్‌చెంగ్ అని నిజాయితీపరుడైన అధికారి ఉంటాడు. రాజు ముందు వెనక్కి తగ్గడు. రాజాజ్ఞతో కర్రలతో కొట్టి చంపేస్తారు. అతనికి ఇంకో సీజన్ లేదు.

ఇంక అమ్మ సంగతి. యె చింగ్‌మే ఆ దేశానికి సబ్బులిచ్చింది, గాజు ఇచ్చింది, ఖజానా నింపింది. నిఘా సంస్థని పెట్టి దాని గుమ్మం ముందు ఒక రాతిపలక నిలబెట్టింది. చట్టం ముందు ఎవరూ ఎక్కువ కాదు, ఎవరూ ఎవరికీ అణిగి ఉండక్కర్లేదు అన్న అర్థం వచ్చే మాటలు చెక్కించింది. జనం రోజూ ఆ పలక పక్కనించే నడిచిపోతుంటారు. ఆవిడ సబ్బు మాత్రం అందరిళ్ళలోనూ ఉంటుంది. సబ్బు వాడుకున్నవాళ్ళే ఆవిణ్ణి బతకనివ్వలేదు. టెక్నాలజీ తీసుకున్నారు, మిగతాది వద్దన్నారు. దీనికి చైనా దాకా వెళ్ళక్కర్లేదు, మన లాబీల్లో గోడలమీద అద్దాల ఫ్రేముల్లో ఏమేం రాసిపెట్టి ఉంటాయో ఓసారి చదవండి. బ్యాడ్జి స్వైప్ చేస్తూ రోజూ వాటి పక్కనించే వెళ్తుంటాం.

మొన్న సోమవారం మళ్ళీ లంచ్‌లో కదిపాను. మెయిల్ సంగతి చెప్పలేదు, అంగరక్షకుడి సీను మాత్రం చెప్పాను. మెషీనేదీ అన్నవాడు కాసేపు పెరుగన్నం కలుపుతూ ఊరుకున్నాడు. తర్వాత, "యూట్యూబులో ఉందా అన్నా?" అన్నాడు. ఉంది అన్నాను. ఏ ఎపిసోడ్ అన్నాడు. ఒకటో దాన్నించి చూడమన్నాను, నేరుగా పన్నెండుకి వెళితే ఆ మనిషెవరో నీకు తెలియదు అని. సరే చూస్తా అన్నాడు గానీ, వెళ్ళేటప్పుడు మాత్రం "తుపాకీ తూటాల సంగతి మాత్రం నేను ఒప్పుకోను" అనేసి వెళ్ళాడు.